ఐదాగా కాదు, లియొనోరాగా: లియొంటీన్ ప్రైస్ ఒపెరా కెరీర్ ఎలా తయారైంది

లియొంటీన్ ప్రైస్ గురించి కొత్తగా చదివేవారిని ఒక సంగతి తికమక పెడుతుంది. ఒపెరా అనే పాశ్చాత్య సంగీత నాటకాల్లో పాడే ఈ అమెరికన్ గాయని 1958లోనే వియన్నాలో, లండన్‌లో ప్రధాన పాత్రలు పాడారు. 1960లో మిలాన్‌లోని లా స్కాలాలో పాడారు. సొంత దేశంలో అన్నిటికన్నా పెద్ద ఒపెరా సంస్థ అయిన న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరాలో (మెట్) మాత్రం 1961 జనవరి దాకా ఆమె తొలి పాత్ర పాడలేదు. ఇందులో సగం కథ చాలామందికి తెలిసిందే. నల్లజాతి గాయకులకు ఆ తలుపులు చాలాకాలం మూసే ఉన్నాయి. మిగతా సగం అంతగా చర్చకు రాదు. 1958లో మెట్ నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. వద్దన్నది ప్రైసే.

మంచి గొంతు ఉన్న ప్రతి గాయనికీ అంత పెద్ద అవకాశాన్ని కాదనే ధైర్యం ఉండదు, కాదనగల పరిస్థితీ ఉండదు. అందుకే ఆమె కెరీర్‌లో ఏమేం పాడారన్నది ఎంత ముఖ్యమో, ఏది ఎప్పుడు వద్దనుకున్నారన్నదీ అంతే ముఖ్యం.

క్లుప్తంగా

ప్రైస్ 1927లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టారు. టీచర్ ఉద్యోగం కోసం చదివి, జులియార్డ్ సంగీత విద్యాలయానికి వెళ్లి, టెలివిజన్, శాన్ ఫ్రాన్సిస్కో, యూరప్ మీదుగా 1961లో మెట్‌కు చేరారు. ఐదా అనే బానిస పాత్రతో అక్కడ తొలి ప్రదర్శన వద్దని, లియొనోరా అనే ఉన్నత వంశపు స్త్రీగా రావడం ఆమె స్థానాన్ని నిలబెట్టింది. 1966లో ఒక కొత్త ఒపెరా దెబ్బతిన్నాక ఒపెరా తగ్గించి కచేరీల వైపు మళ్లారు. ఆ తగ్గింపు వల్లే గొంతు 70 ఏళ్ల వయసు దాకా నిలిచింది. ఆమె తర్వాత నల్లజాతి గాయనులకు దారి చాలావరకు తెరుచుకుంది. పురుష గాయకులకు అంతగా తెరుచుకోలేదు.

మైకు లేని గొంతుకు ఉండే పరిమితులు

ఈ కెరీర్ అర్థం కావాలంటే ముందు గొంతు సంగతి కొంత తెలియాలి. ఒపెరాలో మైకు వాడరు. మెట్ ఇప్పటి హాలులో దాదాపు 3,800 సీట్లుంటాయి. మైకులు రాని రోజుల్లో మన పద్యనాటకాల నటులు చివరి వరుస దాకా పద్యం వినిపించడానికి పడిన శ్రమ లాంటిదే ఇది. ఇక్కడ అదనంగా గొంతుకూ శ్రోతకూ మధ్య డెబ్భై ఎనభై వాద్యాలు మోగుతుంటాయి.

వాటిని దాటడానికి గాయకులు కేకలు పెట్టరు, పెడితే గొంతు వారంలో పోతుంది. ఆర్కెస్ట్రా ధ్వనిలో బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. 3,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి అది బాగా పలచబడుతుంది. ఏళ్ల సాధనతో గాయకులు తమ నాదంలోని శక్తిని సరిగ్గా ఆ పలచటి చోట పోగు చేయడం నేర్చుకుంటారు. చిన్న గొంతు కూడా పెద్ద హాలులో స్పష్టంగా వినిపించడానికి కారణం ఇదే. పై స్థాయి స్త్రీ గొంతు అయిన సొప్రానో అతి పై షడ్జమాన్ని అందుకున్నప్పుడు స్వరతంత్రులు సెకనుకు వెయ్యిసార్లకు పైగా కొట్టుకుంటాయి. కాబట్టే ప్రధాన పాత్ర పాడేవారికి ఒక ప్రదర్శనకూ ఇంకో ప్రదర్శనకూ మధ్య రెండు మూడు రోజుల విరామం ఇస్తారు.

సొప్రానోల్లోనూ రకాలున్నాయి. తేలికగా, సాఫీగా సాగేది లిరిక్. అవసరమైనప్పుడు ఆర్కెస్ట్రా మీదుగా దూసుకుపోగలిగేది స్పింటో. ఇంకా బరువైనది డ్రమాటిక్. ప్రైస్‌ది మొదటి రెండిటి మధ్య నడిచే గొంతు. పై స్వరాలు మెరుస్తూ ఉండేవి, కింది స్వరాల్లో పొగ కమ్మినట్టు ఒక జీర ఉండేది. ఇటాలియన్ స్వరకర్త వెర్దీ ఒపెరాల నాయికలకు ఇంతకన్నా సరిపోయే గొంతు 20వ శతాబ్దంలో అరుదు. వీటిలో ప్రమాదం కూడా ఉంది. స్పింటో గొంతు పెద్దదిగా వినిపిస్తుంది కాబట్టి నిర్వాహకులు దానికి ఇంకా బరువైన పాత్రలు అంటగట్టాలని చూస్తారు. ముప్పై దాటకముందే ఆ పాత్రలు మీద వేసుకున్నవారి స్వరం నలభైకి ఊగిసలాడటం మొదలవుతుంది. ఒకసారి మొదలైతే అది తగ్గడం కష్టం.

లారెల్ నుంచి జులియార్డ్‌కు

ప్రైస్ పుట్టింది మిసిసిపీలోని లారెల్ అనే ఊళ్లో. తండ్రి జేమ్స్ కలప మిల్లులో పనిచేసేవారు. తల్లి కేట్ మంత్రసాని, చర్చి బృందంలో పాడేవారు. కూతురికి ఐదేళ్లప్పుడు ఇంట్లోని గ్రామఫోన్‌ను మొదటి వాయిదా కింద ఇచ్చేసి పియానో తెచ్చారు. చిన్న వయసులోనే ఆ అమ్మాయి రాష్ట్ర రాజధాని జాక్సన్‌కు వెళ్లి గాయని మరియన్ ఆండర్సన్ కచేరీ విన్నారు. నల్లజాతి స్త్రీ ఒంటరిగా వేదిక మీద నిలబడి ఒక పూట అంతా శాస్త్రీయ సంగీతం పాడటాన్ని చూడటం ఆ రోజుల్లో, ఆ రాష్ట్రంలో మామూలు విషయం కాదు.

అయినా ప్రైస్ చదివింది ఒపెరా గాయని కావడానికి కాదు. ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్‌లో సంగీత బోధనలో డిగ్రీ తీసుకున్నారు. సంగీతం తెలిసిన నల్లజాతి యువతికి అప్పట్లో నెలజీతం వచ్చే మార్గం బడి పంతులు ఉద్యోగమే. 1948లో డిగ్రీ అయ్యాక న్యూయార్క్‌లోని జులియార్డ్‌లో సీటు, స్కాలర్‌షిప్ వచ్చాయి. అక్కడ బతకడానికి మాత్రం డబ్బు చాలలేదు. గాయకుడు పాల్ రోబ్సన్ ఒక సహాయ కచేరీ చేశారు. మిగతా ఖర్చులో ఎక్కువ భాగం లారెల్‌లోని ఛిజమ్ అనే సంపన్న శ్వేతజాతి కుటుంబం భరించింది. ప్రైస్ దగ్గరి బంధువు ఒకరు ఆ ఇంట్లో పనిచేసేవారు. చిన్నప్పుడు అక్కడి పియానో మీద వాయిస్తున్న ఈ పిల్లను ఆ ఇంటి ఇల్లాలు గమనించారు.

ఈ డబ్బు సంగతి ముందు ముందు అవసరం అవుతుంది. తక్షణం చేతికందిన ఏ పాత్రయినా పాడక తప్పని స్థితిలో ఆమె లేరు. అందువల్ల ఫ్లోరెన్స్ పేజ్ కింబల్ అనే ఒకే గురువు దగ్గర నిలకడగా నేర్చుకోగలిగారు. కింబల్ ఆమెకు పదేపదే చెప్పిన పాఠం గొంతు పెట్టుబడి మీద కాకుండా వడ్డీ మీద పాడమన్నది. ప్రైస్ ఆ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో ఈ మాట తలుచుకున్నారు.

1952లో జులియార్డ్ విద్యార్థుల ‘ఫాల్‌స్టాఫ్’ ప్రదర్శన ఆమెను బయటివారి కంట్లో పడేసింది. అదే ఏడాది గెర్ష్‌విన్ ‘పోర్గీ అండ్ బెస్’లో బెస్ పాత్ర దక్కింది. ఆ బృందం అమెరికాలో, తర్వాత వియన్నా, బెర్లిన్, లండన్, పారిస్ నగరాల్లో తిరిగింది. వరుస ప్రదర్శనలు వేదిక మీద నిలదొక్కుకోవడం నేర్పాయి. కానీ నల్లజాతి పాత్రల కోసమే రాసిన ఒపెరా అది. ఇంకో నాలుగేళ్లు అందులోనే ఉండిపోతే ప్రపంచానికి ఆమె బెస్‌గానే గుర్తుండిపోయేవారు.

మూసిన తలుపులు, యూరప్ చుట్టుదారి

మెట్ 1883లో తెరుచుకుంది. ఆ తర్వాత 70 ఏళ్లకు పైగా అక్కడ ఏ నల్లజాతి గాయకుడూ ప్రధాన పాత్ర పాడలేదు. 1955 జనవరి 7న వెర్దీ ‘ఉన్ బాల్లో ఇన్ మాస్కెరా’లో ఉల్రికా అనే జోస్యం చెప్పే స్త్రీ పాత్రతో మరియన్ ఆండర్సన్ ఆ కట్టు తెంచారు. అప్పటికి ఆమెకు 57 ఏళ్లు, గొంతు ఉచ్ఛదశ దాటిపోయింది. సరిగ్గా ఇరవై రోజుల తర్వాత, జనవరి 27న, రాబర్ట్ మెక్‌ఫెరిన్ ‘ఐదా’లో ఇథియోపియా రాజు పాత్ర పాడారు. ఒకరికి జోస్యం చెప్పే స్త్రీ, ఇంకొకరికి ఓడిపోయిన ఆఫ్రికా రాజు. ప్రేమకథలో నాయిక, నాయకుడు మాత్రం కాదు.

అదే న్యూయార్క్ నగరంలోని మరో సంస్థ సిటీ ఒపెరా ఇంతకు పదేళ్ల ముందే, 1945లో టాడ్ డంకన్‌ను, 1946లో కెమిల్లా విలియమ్స్‌ను ప్రధాన పాత్రల్లో నిలబెట్టింది. ఒకే ఊళ్లోని రెండు సంస్థల మధ్య ఇంత తేడాకు నిర్వాహకుల మనస్తత్వం ఒక్కటే కారణం కాదు. మెట్ ఏటా వసంతంలో బృందంతో సహా పర్యటనకు వెళ్లేది. అట్లాంటా లాంటి దక్షిణాది నగరాలు అందులో ఉండేవి. ప్రేక్షకులను రంగును బట్టి వేరుగా కూర్చోబెట్టే హాళ్లు, నల్లవారికి గది ఇవ్వని హోటళ్లు అక్కడి రోజువారీ వ్యవహారం. పర్యటన ఆదాయం, సంపన్న చందాదారులు, ట్రస్టీల అభిప్రాయాలు అన్నీ కలిసి మెట్‌ను వెనక్కి లాగాయి. సిటీ ఒపెరాకు అలాంటి బరువులు తక్కువ.

టెలివిజన్‌లోనూ ఇదే వ్యవహారం కనిపిస్తుంది. 1955 జనవరిలో ఎన్‌బీసీ సంస్థ ప్రైస్‌ను ‘తోస్కా’ పాత్రలో పెట్టి ఒపెరాను దేశమంతా ప్రసారం చేసింది. తోస్కా రోమ్ నగరపు గాయని, ఆమె ప్రియుడు శ్వేతజాతి చిత్రకారుడు. దక్షిణాదిలోని కొన్ని అనుబంధ స్టేషన్లు ప్రసారం చేయడానికి నిరాకరించాయి. ఆపడానికి ఎవరికి ఏ అధికారం ఉందో, అది ఎక్కడ చెల్లుతుందో ఆ ఒక్క రాత్రి తేలిపోయింది. న్యూయార్క్‌లో నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సరిపోదు, చివరి తీగ దగ్గర కూర్చున్నవాడు కూడా ఒప్పుకోవాలి.

ఇలాంటి చోట యూరప్ రెండు రకాలుగా పనికొచ్చింది. ఒకటి, అక్కడ ఒపెరా ప్రభుత్వ నిధులతో నడుస్తుంది. ఒక్క జర్మనీలోనే దాదాపు 80 ఒపెరా థియేటర్లున్నాయి. యుద్ధం తర్వాత మళ్లీ లేచిన ఆ సంస్థలకు గాయకులు కావలసి వచ్చారు. అమెరికా విశ్వవిద్యాలయాలు బాగా శిక్షణ పొందినవారిని తయారు చేస్తున్నాయి కానీ వారికి దేశంలో ఉద్యోగాలు లేవు. చాలామంది అమెరికన్లు జర్మనీలో నెలజీతం మీద చేరి, వారానికొక పాత్ర చొప్పున పాడుతూ పని నేర్చుకున్నారు. రెండోది, అక్కడి పేరు అమెరికాలో మారకంగా చెల్లుతుంది. వియన్నా మెచ్చినవారిని న్యూయార్క్ వినకుండా ఉండటం కష్టం.

ప్రైస్ నెలజీతం దారిలో వెళ్లలేదు. 1955లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో అమెరికా వచ్చిన దాని సంచాలకుడు (కండక్టర్) హెర్బర్ట్ ఫాన్ కారయాన్ కార్నెగీ హాల్‌లో ఆమె గొంతు విన్నారు. 1958 మేలో ఆయన ఆమెను నేరుగా వియన్నాకు ఐదాగా రప్పించారు. మధ్యలో 1957లో శాన్ ఫ్రాన్సిస్కో ఒపెరా పులాంక్ ‘కార్మెలైట్ల సంభాషణలు’ను అమెరికాలో మొదటిసారి ప్రదర్శించినప్పుడు ఆమెకు సన్యాసినుల మఠాధిపతి పాత్ర ఇచ్చింది. జాతితో సంబంధం లేని పాత్ర అది. కొద్ది వారాల్లోనే అక్కడ ఐదా పాడాల్సిన ఇటాలియన్ గాయని అంతోనియెత్తా స్తెల్లాకు అపెండిసైటిస్ వచ్చింది. ఆ ఖాళీలో ప్రైస్ మొదటిసారి ఐదా పాడారు. మరుసటి ఏడాది లండన్‌లోనూ అంతే, అనీతా చెర్కెత్తి రాలేకపోయిన చోట ప్రైస్ నిలబడ్డారు. ఒపెరాలో ఇది తరచూ జరిగేదే. ఒకరి జబ్బు ఇంకొకరికి దారి అవుతుంది. అయితే ఫోను వచ్చేసరికే పాత్ర మొత్తం నోటికి వచ్చి ఉండాలి.

1958లో ‘ఐదా’ ఎందుకు వద్దన్నారు

మెట్ జనరల్ మేనేజర్ రుడాల్ఫ్ బింగ్ 1958లో ఐదా పాడమని పిలిచారు. వెర్దీ ఐదా ఇథియోపియా రాకుమారి, ఈజిప్టు రాచనగరులో బానిస. శ్వేతజాతి గాయనులు ముఖానికి నల్లరంగు పులుముకుని పాడే పాత్ర అది. ప్రైస్ ఆ పాత్రకు గొంతుతోనూ రూపంతోనూ అతికినట్టు సరిపోతారు. చిక్కు వచ్చింది కూడా అక్కడే.

ఎన్‌బీసీ ఒపెరా బాధ్యుడు పీటర్ హెర్మన్ ఆడ్లర్, ఇంకొందరు సన్నిహితులు ఆగమన్నారు. వారి వాదనలో రెండు పాయలున్నాయి. బానిసగా కాదు, దొరసానిగా ఆ వేదిక ఎక్కాలన్నది మొదటిది. చేతిలో పాత్రలు పెరిగాకే వెళ్లాలన్నది రెండోది. కథల్లో మొదటిదే ఎక్కువ వినిపిస్తుంది. నిజానికి కెరీర్ లెక్కలో రెండోదే బరువైనది. ఒపెరా సంస్థ గాయకులను గుర్తు పెట్టుకునే పద్ధతి చాలా మోటుగా ఉంటుంది. తొలిసారి ఏ పాత్రలో విజయం సాధిస్తే వచ్చే మూడేళ్లూ అదే పాత్రకు పిలుస్తారు. ఐదు పాత్రలు చేతిలో ఉన్న గాయనికి బేరమాడే శక్తి ఉంటుంది. ఒక్క పాత్ర ఉన్న గాయనికి ఉండదు.

1959 వేసవిలో ఇటలీలోని వెరోనా ఆరుబయలు వేదిక మీద ప్రైస్, టెనర్ (పై స్థాయి పురుష గొంతు) ఫ్రాంకో కొరెల్లి కలిసి ‘ఇల్ త్రొవతోరే’ పాడారు. అది విన్న బింగ్ ఈసారి ఇద్దరినీ అదే ఒపెరాకు పిలిచారు. ఇందులో నాయిక లియొనోరా స్పెయిన్ రాజాస్థానంలోని ఉన్నత వంశపు స్త్రీ. 1961 జనవరి 27న ఇద్దరూ ఒకే రాత్రి మెట్‌లో తొలిసారి పాడారు. మెక్‌ఫెరిన్ పాడిన రాత్రికి సరిగ్గా ఆరేళ్లు. తెర పడ్డాక చప్పట్లు దాదాపు 40 నిమిషాలు సాగాయని ప్రతీతి.

చప్పట్ల కన్నా ముఖ్యమైనది తర్వాతి కొన్ని వారాల పట్టిక. ఆ ఒక్క సీజన్‌లోనే ఆమె లియొనోరా, ఐదా, ‘డాన్ జొవాన్ని’లో డాన్నా ఆన్నా, ‘తురన్‌దోత్’లో లియూ, ‘మదామా బటర్‌ఫ్లై’లో చో-చో-సాన్ పాడారు. అంటే ఐదా వదిలేయలేదు. తన షరతు మీద, ఐదింటిలో ఒకటిగా తీసుకున్నారు. తర్వాత్తర్వాత ఆమె పేరుతో అందరికన్నా గట్టిగా ముడిపడిన పాత్ర కూడా అదే. వరుస మారడంతో అర్థం మారింది. మొదట వచ్చి ఉంటే అది ఆమెకు గిరి గీసేది. రెండోది కావడంతో అది ఆమె సొత్తు అయింది.

మార్చిలో టైమ్ పత్రిక ముఖచిత్రం వేసింది. 1964 నాటికి మెట్‌లో ఆమె పారితోషికం ప్రదర్శనకు 2,750 డాలర్లు. అప్పటి అగ్ర గాయనులు జోన్ సదర్లండ్, రెనాతా తెబాల్దీలతో సమానం. బిర్గిత్ నిల్సన్ ఒక్కరే అంతకు కొంచెం పైన, 3,000 డాలర్లు తీసుకునేవారు. అదే ఏడాది మెట్ పర్యటనలో అట్లాంటాలో ఆమె డాన్నా ఆన్నా పాడారు. ఆ సంస్థ తరఫున దక్షిణాదిలో ప్రధాన పాత్ర పాడిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమే.

గొంతు పోయిన రాత్రి

పై వరుస చూస్తే అంతా ఎదుగుదలే అనిపిస్తుంది. 1961 అక్టోబరులో జరిగింది చూస్తే ఆ ఎదుగుదల ఎంత సన్నని తాడు మీద నడిచిందో తెలుస్తుంది.

కొత్త సీజన్‌ను ప్రారంభించే గౌరవం ప్రైస్‌కు దక్కింది. మెట్ సీజన్ ఒక నల్లజాతి గాయనితో మొదలవడం అదే తొలిసారి. ఒపెరా ఇటాలియన్ స్వరకర్త పుచ్చీని రాసిన ‘ది గర్ల్ ఆఫ్ ది గోల్డెన్ వెస్ట్’. అంతకుముందు వాద్యకారుల వేతన తగాదాతో సీజనే రద్దయ్యే ప్రమాదం వచ్చింది, అమెరికా కార్మిక మంత్రి జోక్యంతో గట్టెక్కింది. అంటే టెన్షన్ ముందునుంచే ఉంది.

ఇందులో ప్రైస్ పాడిన నాయిక మిన్నీ పాత్ర నిర్మాణం చూడాలి. సాగదీసి పాడే ఆరియాలు (ఒకరే పాడే పాటలు) తక్కువ. ఎక్కువగా సంభాషణలా, గొంతు మధ్యస్థాయిలో, దట్టమైన ఆర్కెస్ట్రా మీద పాడాలి. ఆ మధ్యలోంచి హఠాత్తుగా పై స్వరాలకు ఎగబాకాలి. సాధారణ శ్రోతకు పై స్వరమే కష్టం అనిపిస్తుంది. గొంతును నిజంగా అరగదీసేది మధ్యస్థాయిలో గట్టిగా, చాలాసేపు పాడటం. ప్రైస్ గొంతు మెరిసేది పైన. మధ్యలో అది అంత ఉక్కు గొంతు కాదు.

ప్రారంభ రాత్రి బాగా గడిచింది. రెండో ప్రదర్శనలో రెండో అంకం నడుస్తుండగా గొంతు పోతూ వచ్చింది. స్వరం రాక, చివరికి మాటలను గట్టిగా పలుకుతూ అంకం ముగించారు. సంస్థ పిలిపించిన డొరొతీ కర్‌స్టెన్ మూడో అంకం పాడారు. వైరల్ ఇన్ఫెక్షన్ అన్నది బయటికి చెప్పిన కారణం. ఇన్ఫెక్షన్‌తో వాచిన స్వరతంత్రుల మీద తేలిక పాత్ర అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. మిన్నీ లాంటి పాత్ర నెట్టుకురావడం కుదరదు. విశ్రాంతి తర్వాత ఆ పాత్రను కొన్నిసార్లు పాడి, ఇక పక్కన పెట్టేశారు.

ఆ తర్వాత ఆమె ఎంపికల్లో జాగ్రత్త స్పష్టంగా కనిపిస్తుంది. రిచర్డ్ స్ట్రాస్ ‘సలోమే’ చివరి ఘట్టాన్ని రికార్డు చేశారు, పూర్తి పాత్రను వేదిక మీద పాడలేదు. స్టూడియోలో ఒక ఘట్టం పాడటానికి, వేదిక మీద దాదాపు వంద మంది వాద్యకారుల పైన గంటన్నర పాడటానికి గొంతు చెల్లించే ధర వేరు. అభిమానులు ఇలాంటి పాత్రల కోసం ఎదురుచూసి నిరాశపడి ఉండవచ్చు. కానీ 1980ల్లోనూ ఆమె పై స్వరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే కారణం ఈ నిరాకరణలే.

ఒకే నెలలో ఇద్దరు క్లియోపాత్రాలు

1966 సెప్టెంబరు 16న న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ కళా ప్రాంగణంలో మెట్ కొత్త భవనం తెరుచుకుంది. అందుకోసం అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్‌తో ‘ఆంటొనీ అండ్ క్లియోపాత్రా’ రాయించారు. బార్బర్ పాటలను ప్రైస్ 1953 నుంచీ పాడుతున్నారు, క్లియోపాత్రా స్వరాలను ఆయన ఆమె గొంతును మనసులో పెట్టుకునే రాశారు. దర్శకుడు ఫ్రాంకో జెఫిరెల్లీ. వేదిక మీద వందలాది జనం, జంతువులు, భారీ పిరమిడ్. తిరుగుడు వేదిక బరువు మోయలేక రిహార్సల్లోనే పాడైంది. ఒకసారి ప్రైస్ పిరమిడ్ లోపల ఇరుక్కుపోయారు. విమర్శకులు అట్టహాసాన్ని ఏకిపారేశారు, సంగీతం ఆ హడావుడిలో కొట్టుకుపోయింది. 8 ప్రదర్శనలతో ఆ ఒపెరా ఆగింది. బార్బర్ చాలా కుంగిపోయారు. 1975లో దాన్ని సవరించి జులియార్డ్‌లో ప్రదర్శించారు. ప్రైస్ అందులోని క్లియోపాత్రా ఘట్టాలను కచేరీల్లో పాడుతూ వచ్చారు.

సరిగ్గా 11 రోజుల తర్వాత, అదే లింకన్ సెంటర్ ఆవరణలో పక్క భవనంలో, సిటీ ఒపెరా హాండెల్ ‘జూలియో చెజారే’ను ప్రదర్శించింది. అక్కడ క్లియోపాత్రా బ్రూక్లిన్‌లో పుట్టిన బెవర్లీ సిల్స్. ఆమె 1955 నుంచి ఆ సంస్థలో ఉన్నారు, దేశవ్యాప్తంగా పేరు మాత్రం రాలేదు. పాత్రను ఇంకొకరికి ఇవ్వబోతుంటే రాజీనామా చేస్తానని పట్టుబట్టి తీసుకున్నారు. ఆ ఒక్క రాత్రితో ఆమె స్టార్ అయ్యారు. కొత్త భవనం కోసమే మెట్ న్యూయార్క్‌కు రప్పించిన విమర్శకులు చాలామంది ఊళ్లోనే ఉండటం కూడా సిల్స్‌కు కలిసొచ్చింది.

ఈ ఇద్దరి దారులను పక్కపక్కన పెట్టి చూస్తే అమెరికన్ ఒపెరా నిర్మాణం బయటపడుతుంది. ప్రైస్‌ది యూరప్ మీదుగా పై అంతస్తుకు నేరుగా చేరిన దారి. సిల్స్‌ది చవక టికెట్ల రెండో సంస్థలో పదేళ్లు మెట్టు మెట్టుగా ఎక్కిన దారి. బింగ్ ఆమెను పట్టించుకోలేదు. ఆయన వెళ్లిపోయాక, 1975లో, 45 ఏళ్ల వయసులో సిల్స్ మెట్‌లో తొలిసారి పాడారు. ముగింపులు కూడా వేరు. సిల్స్ 1970లో దోనిజెత్తి ‘రొబెర్తో దెవెరో’లో ఎలిజబెత్ రాణి లాంటి, తన తేలిక గొంతుకు మించిన పాత్ర తీసుకున్నారు. అది తన కెరీర్‌లో కొన్నేళ్లు కోసేసిందని తర్వాత ఆమే ఒప్పుకున్నారు, అయినా విచారం లేదన్నారు. 1979లో సిటీ ఒపెరా నిర్వహణ చేపట్టి, 1980లో 51 ఏళ్లకు పాడటం మానేశారు. ఇద్దరిలో ఎవరిది సరైన లెక్క అని తేల్చడం అనవసరం. గొంతు ఖర్చుపెట్టి తనకు నచ్చిన పాత్ర కొనుక్కున్నది ఒకరు, దాచుకుని ఎక్కువ కాలం పాడింది ఇంకొకరు.

తగ్గించి, నిలిచి

1966 తర్వాత ప్రైస్ ఒపెరా ప్రదర్శనలు బాగా తగ్గించారు. తరువాతి కాలంలో కొత్తగా తీసుకున్నవి కొన్నే. ‘ఇల్ తబార్రో’లో జొర్జెత్తా, పుచ్చీని ‘మనోన్ లెస్కో’, స్ట్రాస్ ‘అరియాద్నే’. మిగతా కాలం పియానిస్టు డేవిడ్ గార్వీతో కచేరీలు.

కచేరీ వైపు మళ్లడం ఓటమి అనుకుంటే పొరపాటు. ఒపెరాలో శ్రుతి, వేగం, రోజు, తోటి గాయకుడు అన్నీ ఇంకొకరు నిర్ణయిస్తారు. కచేరీలో పక్కన ఒక్క పియానో. పాట తన చేతిలో ఉంటుంది, అవసరమైతే శ్రుతి అర మెట్టు దించుకోవచ్చు, ఆ పూట గొంతు పరిస్థితిని బట్టి పాట మార్చుకోవచ్చు. పారితోషికం ఇంకొకరితో పంచుకోనక్కర్లేదు. ఆమె కార్యక్రమాల్లో హాండెల్, స్ట్రాస్, ఫ్రెంచి పాటలు, బార్బర్, చివర్లో నల్లజాతి భక్తిగీతాలు ఉండేవి. పెద్ద నగరాలతోపాటు కాలేజీ పట్టణాలకూ వెళ్లారు.

1985 జనవరి 3న మెట్‌లో ఐదాతో ఒపెరాకు వీడ్కోలు చెప్పారు. మరో నెలలో 58 నిండుతాయి. దేశమంతా టీవీలో ప్రసారమైన ఆ ప్రదర్శన రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది. మూడో అంకంలో నైలు నది ఒడ్డున ఐదా తన దేశాన్ని తలుచుకుని పాడే ‘ఓ పాత్రియా మియా’లో ఒక పై షడ్జమం ఉంది, ఊపిరి ఏమాత్రం తడబడినా దొరికిపోయే చోటు. ఆ స్వరం ఆ రాత్రి నిండుగా నిలిచింది. పాట తర్వాత కొన్ని నిమిషాలపాటు చప్పట్లు ఆగలేదు, ఆమె పాత్రలోంచి బయటికి రాకుండా ఉండటానికి కష్టపడటం ముఖంలో కనిపిస్తుంది. అప్పటికి మెట్‌లో ఆమెవి దాదాపు 200 ప్రదర్శనలు. కచేరీలు 1997 దాకా సాగాయి. 13 గ్రామీ సంగీత పురస్కారాలు, 1964లో అధ్యక్షుడి స్వాతంత్ర్య పతకం ఆమె ఖాతాలో ఉన్నాయి.

తర్వాతివారికి ఏం మారింది

ప్రైస్ తర్వాత నల్లజాతి గాయనులు షర్లీ వెరెట్, గ్రేస్ బంబ్రీ, కాథలీన్ బాటిల్, జెస్సీ నార్మన్ మెట్ వేదిక మీద నిలిచారు. 1983లో మెట్ శతాబ్ది సీజన్ ప్రారంభ రాత్రి నార్మన్ పాడారు. నల్లజాతి నాయిక అన్నది వార్త కాకుండా పోయింది. పురుషుల విషయంలో అలా జరగలేదు. జార్జ్ షర్లీ 1961లోనే మెట్‌లో ప్రధాన టెనర్ పాత్రలు మొదలుపెట్టినా ఆ వరుస చాలా పలచగా సాగింది. టెనర్ అంటే చాలావరకు ప్రేమికుడు. శ్వేతజాతి నాయికకు నల్లజాతి ప్రేమికుడిని ఒప్పుకోవడం నియామకం చేసేవారికి ఎక్కువకాలం కష్టమైంది. ‘ఒథెల్లో’ పాత్రకు ముఖానికి నల్లరంగు పూయడం మెట్ మానేసింది 2015లో. నల్లజాతి స్వరకర్త ఒపెరా అక్కడ మొదటిసారి ప్రదర్శితమైంది 2021లో, టెరెన్స్ బ్లాంచర్డ్ రచన.

జాతి అడ్డు తగ్గుతూ వచ్చిన కాలంలోనే ఆర్థిక అడ్డు పెరుగుతూ వచ్చింది. సిల్స్‌ను తయారు చేసిన సిటీ ఒపెరా 2013లో దివాలా తీసింది. తర్వాత చిన్న స్థాయిలో మళ్లీ మొదలైనా, యువ గాయకుడు పదేళ్లు నెమ్మదిగా ఎదిగే చోటుగా అది మిగల్లేదు. అమెరికాలో సోలో గాయకులకు నెలజీతం ఉండదు. ప్రదర్శనకు ఇంత అని ఒప్పందం, పాడితేనే డబ్బు. రిహార్సల్ వారాల్లో ఊరు కాని ఊళ్లో అద్దె, ఏజెంటు వాటా, గురువు ఫీజు అందులోంచే. 2020 మార్చిలో కోవిడ్‌తో మెట్ మూతపడినప్పుడు, ముందే ఒప్పందాలు చేసుకున్న సోలో గాయకులకు కూడా రద్దయిన ప్రదర్శనల డబ్బు రాలేదు. ఆ సంస్థ మళ్లీ తెరుచుకుంది 2021 సెప్టెంబరులో.

ప్రైస్ కెరీర్‌లో కీలకమైన పని కాదనడం. మిన్నీని పక్కన పెట్టడం, సలోమేకు దూరంగా ఉండటం, 1958లో మెట్‌ను ఆపడం. అలా అనగలగడానికి ఆమె వెనక స్కాలర్‌షిప్, లారెల్ కుటుంబం డబ్బు, టీవీ అవకాశం, కారయాన్ అండ ఉన్నాయి. చదువు అప్పు తీర్చుకుంటూ ఊరూరా ఆడిషన్లకు సొంత ఖర్చుతో తిరిగే 28 ఏళ్ల సొప్రానోకు తన గొంతుకు మించిన పాత్ర వస్తే, అది వద్దనమని చెప్పే గురువు ఇప్పటికీ దొరుకుతారు. ఆ నెల అద్దె కట్టే దారి మాత్రం ఆమే వెతుక్కోవాలి. అందుకే ఈ తరం అమెరికన్ గాయకులు ఇప్పటికీ జర్మనీలోని చిన్న పట్టణాల థియేటర్లలో నెలజీతం ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తూనే ఉన్నారు.